ఎమ్మెస్ పాట మా ఇంట్లో నెమ్మదిగా తిరిగేదా, లేక నాకే అలా గుర్తుందా?

తెనాలి కుర్రాడు (వయసు 53)

నమస్కారమండీ. ఇక్కడ చాన్నాళ్ళుగా అందరివీ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. ప్రశ్న చిన్నది, దాని వెనక సొద పెద్దది. ఓపిక లేనివాళ్ళు చివరి పేరాకి వెళ్ళిపోవచ్చు, ఏమీ అనుకోను.

1981లో మా నాన్న తిరపతి వెళ్ళి లడ్డూలతో పాటు ఒక ఎల్పీ రికార్డు తెచ్చాడు. దేవస్థానం వాళ్ళు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి చేత పాడించిన బాలాజీ పంచరత్నమాల ఉంది కదా, అందులోది. మొత్తం అయిదు రికార్డులు, మా నాన్న కొన్నది ఒక్కటే. ఆయన సహకార బ్యాంకులో గుమస్తా, అయిదూ కొనే జీతం కాదు, పైగా అమ్మకి చెప్పకుండా కొన్నాడు. బస్సులో తెనాలి దాకా రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి ఒళ్ళో పట్టుకుని వచ్చాడట, లడ్డూల సంచీ మాత్రం సీటు కింద. "స్వామి ప్రసాదం కాళ్ళ దగ్గర, నల్ల పళ్ళెం ఒళ్ళో" అని అమ్మ ఆయన పోయేదాకా దెప్పుతూనే ఉంది.

ప్లేయరు మా పెదనాన్న వాడి మాకిచ్చేసింది. సూట్‌కేసులా మూత తెరిస్తే మూతలోనే స్పీకరు. కరెంటుతో నడిచేది, బ్యాటరీలు లేవు. నాన్న ఏడింటికి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, బనీనుతో కూర్చుని రికార్డుని అంచులు పట్టుకుని తీసేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. అన్నయ్యకి అదంటే విసుగు, అక్క వంటింట్లో. నేనొక్కణ్ణే పక్కన చతికిలబడి సూది లోపలికి జరుగుతుంటే చూస్తూ ఉండేవాణ్ణి. "నానాటి బతుకు నాటకము" వచ్చేసరికి ఏదో అయ్యేది. తొమ్మిదేళ్ళవాడికి దాని అర్థం ఏం ఎక్కుతుంది, బతుకు నాటకమైతే నాకేంటి, రేపు లెక్కల పరీక్ష అన్నదే నా బాధ. కానీ ఆ గొంతు ఒక్కో మాట దగ్గర ఆగి, బావిలోకి చేద దిగినట్టు బరువుగా కిందికి దిగేది. ఆ దిగడం కోసం కాచుకుని కూర్చునేవాణ్ణి. తర్వాత వీణ విన్నా, షెహనాయి విన్నా, ఇళయరాజా విన్నా అది ఎక్కడుందా అని వెతుక్కుంటూనే విన్నాను. ముప్పై అయిదో ఏట సిగ్గు విడిచి పిల్లల మధ్య కూర్చుని సరళీ స్వరాలు మొదలుపెట్టింది కూడా దానికోసమే.

ఇక అసలు సంగతి. 1998లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ అదే పాట సీడీ కొన్నాను. ఇంటికొచ్చి పెట్టుకుంటే ఎవరో వేరే ఆవిడ పాడుతున్నట్టుంది. గొంతు సన్నగా, వయసు తక్కువగా, ఏదో పని ఉన్నట్టు గబగబా. సీడీ చేసినవాళ్ళు స్పీడు పెంచారనుకున్నాను. తర్వాత స్నేహితుడి క్యాసెట్ విన్నాను, అదీ అంతే. యూట్యూబ్‌లోనూ అంతే. ఈ మధ్య మా సంగీతం మేడమ్ "మిగతావన్నీ సరిగ్గానే ఎత్తుకుంటారు, ఈ ఒక్క పాట మాత్రం ఎప్పుడూ అర శ్రుతి కింద నుంచి ఎత్తుకుంటారేంటండీ" అన్నారు. అప్పుడు బుర్రలో బల్బు వెలిగింది.

మా ప్లేయరే నెమ్మదిగా తిరిగేదేమో? ఏళ్ళ తరబడి ఇంట్లో ఎవరికీ తెలియకుండా అంత తేడా ఉంటుందా? ప్లేయరు, రికార్డు రెండూ తెనాలిలో అన్నయ్య దగ్గర ఇంకా ఉన్నాయి. ఎలా చూడాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతసూది

ఉంటుంది, చాలా మామూలు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరగాలి. ఆ మూడో వంతు చూసి భయపడొద్దు, మూడు నిమిషాలకు సరిగ్గా 100 చుట్లు అని గుర్తుపెట్టుకోండి. పళ్ళెం అంచున సుద్దముక్కతో చుక్క పెట్టి, సెల్‌లో మూడు నిమిషాలు టైమర్ పెట్టి లెక్కపెట్టడమే. 94 వస్తే మీ అనుమానం నిజం, ఎందుకంటే అర శ్రుతి అంటే స్పీడులో సుమారు 6 శాతం తేడా. రికార్డు నెమ్మదిస్తే శ్రుతి ఒక్కటే తగ్గదు, కాలప్రమాణం, అంటే పాట నడక కూడా సాగుతుంది, గొంతు బరువెక్కుతుంది, గమకాలు, అంటే స్వరాన్ని ఊపే ఊపులు, బద్ధకంగా ఊగుతాయి. మీరు చెప్పిన లక్షణాలన్నీ అవే.

కారణం ఎక్కువసార్లు లోపలున్న రబ్బరు చక్రం. మోటారు కడ్డీకీ పళ్ళెం అంచుకీ మధ్య ఒరుసుకుంటూ తిప్పేది అదే, రబ్బరు గట్టిపడి నున్నగా అయితే జారుతుంది. ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయినా అంతే. స్ట్రోబ్ డిస్క్ అని గీతలున్న చక్రం కూడా ఉంటుంది, 33⅓కి 180 గీతలు, ట్యూబ్‌లైట్ కింద తిప్పితే గీతలు కదలకుండా నిలబడినట్టు కనపడాలి. పాత చోక్ ట్యూబ్‌లైటే కావాలి, ఎల్‌ఈడీలు చాలావరకు పనికిరావు.

ఒక్క విన్నపం. లెక్కపెట్టేటప్పుడు నాన్నగారి రికార్డు పెట్టకండి, ఏదైనా పనికిరానిది పెట్టండి. పాత సూది అరిగి చీలి ఉంటే ఒక్కసారి తిప్పితే చాలు, గాడి నాశనం. ముందు సూది మార్చండి, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి బట్ట తడిపి, గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. ఎండిన బట్టతో రుద్దితే దుమ్ము గాళ్ళలోకి దిగుతుంది. ఇంకో మాట, రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టి ఉంటే ఇప్పుడే నిలబెట్టమని చెప్పండి. తెనాలి ఎండలకి వంగిపోకుండా ఉంటే అదృష్టమే.

డాలస్‌లో గోంగూర

అన్నా, ఏమనుకోకు, ఇది ప్లేయర్ సమస్య కాదు, వయసు సమస్య. చిన్నప్పుడు మా ఊరి చెరువు సముద్రంలా ఉండేది, మొన్న వెళ్ళి చూస్తే వాలీబాల్ కోర్టు అంత ఉంది. చెరువు కుదించుకుపోలేదు కదా.

మా ఇంట్లో రికార్డు ఘంటసాల భగవద్గీత. ఆయన 1974 ఫిబ్రవరిలో పోయారు, ఆ రికార్డు వచ్చింది ఆ తర్వాతే, మా తాతయ్య అది పెట్టిన ప్రతిసారీ ఈ సంగతి చెప్పి కళ్ళొత్తుకునేవాడు. నేను శ్లోకం అర్థం కోసం కాదు, శ్లోకానికీ శ్లోకానికీ రాగం మారిపోతుంటే ఆ మారే చోటు పట్టుకోవడం కోసం వినేవాణ్ణి. ఇప్పుడు చచ్చినా పెట్టుకోలేను. గట్టిగా పెడితే ఇక్కడ కూడా పక్కింటి తెలుగువాళ్ళు ఎవరు పోయారని ఫోన్ చేస్తారు. వైకుంఠ రథాలకి తగిలించి ఆ రికార్డుకి ఎంత అన్యాయం చేశామో. సరే, నా గోల వేరే.

శ్రుతిపెట్టె

కుర్రాడు గారూ, నేను పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మీ మేడమ్ గారి మీద గౌరవంతోనే ఒక మాట.

మన సంగీతంలో షడ్జం, అంటే ఆధారమైన స, ఇక్కడే ఉండాలని నియమం లేదు. అయిదు శ్రుతిలో పాడింది నాలుగున్నరకు దింపితే ఈ పాట రాగం రేవతి, రేవతిగానే ఉంటుంది. స రి మ ప ని, అయిదే స్వరాలు, వాటి మధ్య దూరాలు మారనంతవరకు రాగానికి ఏ ఢోకా లేదు. హిందుస్తానీ వాళ్ళు దీన్నే బైరాగి అంటారు. గాంధారం లేదు, ధైవతం లేదు, ఇల్లు ఖాళీ చేశాక మిగిలిన గదిలా ఉంటుంది ఈ రాగం, అందుకే ఆ సాహిత్యానికి అంతగా అతికింది. కాబట్టి మీరు అర శ్రుతి కింద ఎత్తుకుంటే తప్పు పాడుతున్నట్టు కాదు, పక్కన రికార్డింగ్ పెట్టుకుని దాంతో కలిసి పాడితేనే తగువు. మేడమ్ గారిని తంబూరా ఒక మెట్టు దించమనండి, సరిపోతుంది.

కాలప్రమాణం సంగతి మాత్రం పాతసూది గారు చెప్పింది నిజం. నేను ఇప్పుడే సరదాకి యూట్యూబ్‌లో 0.95 పెట్టి విన్నాను. అయితే అక్కడ ఒక చిక్కుంది, అందులో వేగం తగ్గిస్తే శ్రుతి తగ్గదు, సరిచేసేస్తుంది. శ్రుతితో సహా తగ్గించే యాప్‌లో పెట్టి మళ్ళీ విన్నాను. ఒప్పుకుంటున్నాను, ఒళ్ళు జలదరించింది. బాగుందని కాదు, మనకు బాగా తెలిసిన మనిషి జ్వరం వచ్చి లేచి మాట్లాడినట్టుంది.

అసలు పాట ఏది అన్న మీ బెంగకి ఇంకో సంగతి చెప్పనా. అన్నమయ్య 1408లో పుట్టి 1503లో పోయాడు. పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద గుడిలో ఒక అరలో పెట్టారు, అవి మళ్ళీ వెలుగు చూసింది ఇరవయ్యో శతాబ్దంలో. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. మీరు విన్న ఆ రేవతి వరస నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టింది. అంటే ఆ రికార్డు మీ చేతికి వచ్చేసరికి ఆ వరస వయసు మీ వయసుకి అటూ ఇటూగా ఉంటుంది. అన్నమయ్య ఏ శ్రుతిలో పాడాడో ఎవరికి తెలుసు.

తెనాలి కుర్రాడు (వయసు 53)

అందరికీ థాంక్స్. ఆదివారం అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. వాడికి 58, "నీకు పనీపాటా లేదా" అనే మొదలుపెట్టాడు. కానీ అటక మీంచి ప్లేయరు దించాడు, వదినగారు పేపరూ పెన్సిలూ పట్టుకుని ఒక్కో చుట్టుకీ ఒక్కో గీత గీశారు, మధ్యలో పాలవాడు వచ్చి లెక్క తప్పింది, మళ్ళీ మొదలు. మూడు సార్లు చేశారు. 98, 98, 97న్నర.

అంటే 2 శాతమే తేడా. అర శ్రుతిలో మూడో వంతు. నలభై ఏళ్ళ నాటి రబ్బరు ఇంత నిలబడటమే గొప్ప అట, మెకానిక్ అన్నాడు. అప్పట్లో ఇంకా బాగానే తిరిగి ఉంటుంది కదా. కాబట్టి గోంగూర తమ్ముడే నెగ్గాడేమో, చెరువు నా బుర్రలోనే పెద్దది. నిజం చెప్పొద్దూ, కొంచెం దిగులేసింది.

డాలస్‌లో గోంగూర

అయ్యో, నెగ్గినందుకు నాకేం సంతోషంగా లేదన్నా.

ఫ్యూజు పోయింది

బాబూ, తొందరపడి కేసు మూసేయకండి. నేను రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ని, 1979 నుంచి ముప్పై ఏళ్ళు సబ్‌స్టేషన్లలోనే బతికాను. సంగీతం నాకు రాదు, మా ఆవిడ వింటుంటే వింటాను, అంతే. కానీ ఈ దారం చదువుతుంటే ఇందులో మా వాటా ఉందనిపించింది.

మీ ప్లేయరులో ఉన్నది ఏసీ ఇండక్షన్ మోటారు అయి ఉంటుంది, ఆ రోజుల్లో కరెంటుతో నడిచే చవక ప్లేయర్లలో చాలావాటికి అదే. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో దాన్ని బట్టి ఉంటుంది. మన దేశంలో ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ ఉండాలి. ఉండాలి అంతే, అప్పట్లో ఉండేది కాదు. 1980లలో దక్షిణాది గ్రిడ్డులో ఉత్పత్తికి మించి వాడకం. సైకిలు మీద వెనకొకణ్ణి, ముందొకణ్ణి ఎక్కించుకుని తొక్కితే ఏమవుతుంది, అలాగే జనరేటర్లు భారానికి నెమ్మదిస్తాయి, అవి నెమ్మదిస్తే ఫ్రీక్వెన్సీ పడుతుంది. కంట్రోల్ రూములో మాకు రీడ్ మీటర్ అని ఉండేది, వరసగా చిన్న రేకులు, ఏ ఫ్రీక్వెన్సీ ఉంటే ఆ నంబరు దగ్గరి రేకు అదురుతుంది. సాయంత్రం దీపాలు వెలిగే వేళ నుంచి రాత్రి పది దాకా 48 దగ్గర రేకు అదరడం మాకు కొత్తేం కాదు. మరీ దిగజారితే రిలేలు పడి ఫీడర్లే తెగిపోయేవి, దాన్నే మీరు కరెంటు పోయింది అని తిట్టేవారు.

మీ నాన్నగారు రికార్డు పెట్టింది ఎన్నింటికి? ఏడు తర్వాత అని మీరే రాశారు.

లెక్క చూడండి. 50 కి 48 అంటే 4 శాతం తక్కువ. ప్లేయరుకి సొంతంగా ఉన్న తగ్గుదల ఇప్పటిలాగే అప్పుడూ 2 శాతం ఉందనుకుంటే, 98లో మళ్ళీ 4 శాతం పోతే 94 చుట్లు. పాతసూది గారు మొదట్లో చెప్పిన నంబరు అదే కదా? దీనికి తోడు సాయంత్రాలు వోల్టేజీ కూడా పడేది, అది పడితే ఈ మోటారు ఇంకొంచెం జారుతుంది. ఇంట్లో స్టెబిలైజర్ ఉన్నా వోల్టేజీనే సర్దుతుంది, ఫ్రీక్వెన్సీ జోలికి పోదు. 98 మాత్రం ఇప్పటి కొలత, అప్పటిది కాదు, అందుకని పందెం కాయమంటే కాయను. అప్పుడు రబ్బరు కొత్తది, పళ్ళెం 100 చుట్లూ తిరిగేది అనుకున్నా 96 వస్తుంది, ఏడున్నర దాటాక మీ ఇంట్లో ఎమ్మెస్ గారు తక్కువలో తక్కువ పావు శ్రుతి పైనే దిగి పాడి ఉంటారు.

మొన్న మీ అన్నగారికి 98 ఎందుకు వచ్చిందంటే ఇప్పుడు గ్రిడ్డు బాగుంది కాబట్టి. 2003లో దక్షిణాదికి కొత్త టారిఫ్ పద్ధతి వచ్చి ఫ్రీక్వెన్సీ తక్కువున్నప్పుడు అదనంగా లాగేవాళ్ళకి వాత పెట్టడం మొదలయ్యాక దారిలో పడింది, 2013 డిసెంబరు ఆఖరున దక్షిణాది గ్రిడ్డుని మిగతా దేశంతో కలిపాక ఇంకా కుదుటపడింది. ఇప్పుడు 50కి అటూ ఇటూ వెంట్రుకవాసే తేడా.

పాతసూది గారూ, ఒక చిన్న దిద్దుబాటు. స్ట్రోబ్ డిస్క్‌తో అప్పట్లో ఇది దొరికేది కాదు. ట్యూబ్‌లైట్ మినుకుమినుకు కూడా ఆ 48 మీదే కదా నడిచేది. మోటారూ నెమ్మది, లైటూ నెమ్మది, గీతలు మాత్రం కదలకుండా నిలబడి అంతా బాగుందని చెప్పేవి.

పాతసూది

నలభై ఏళ్ళుగా స్ట్రోబ్ చూసి స్పీడ్లు సరిచేశాను నేను. ఎన్ని ప్లేయర్లు చెడగొట్టానో ఇప్పుడు తలుచుకుంటే చెమటలు పడుతున్నాయి. సార్, మీకో దండం.

శ్రుతిపెట్టె

ఫ్యూజు గారూ, అయితే మా అమ్మమ్మగారింట్లో పొద్దున్న పెట్టే సుప్రభాతం కంటే సాయంత్రం పెట్టే విష్ణు సహస్రనామం నిదానంగా ఉండేదని అనుకునేదాన్ని, అది మీ చలవేనా? ఆవిడ భక్తి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఫ్యూజు పోయింది

కొంత భక్తి, కొంత లోడు అమ్మా. తెల్లవారుజామున వాడకం తక్కువ కదా, ఫ్రీక్వెన్సీ పైకి లేచేది.

తెనాలి కుర్రాడు (వయసు 53)

సార్, మీరు రాసింది ఆఫీసులో చదివాను, లేచి బయటికి వెళ్ళి ఒక టీ తాగి మళ్ళీ వచ్చి చదివాను. పక్క సీటాయన ఏమైందని అడిగితే ఏం చెప్పాలో తెలియక కరెంటు బిల్లు అన్నాను.

రాత్రి అక్కకి ఫోన్ చేశాను, విశాఖలో ఉంటుంది. 1986లో దాని పెళ్ళయి కాపురానికి వెళ్ళేటప్పుడు నాన్న ఆ రికార్డుని టేప్‌రికార్డర్ పక్కన పెట్టి క్యాసెట్ చేసిచ్చాడు, సాయంత్రం పూటే, నేను దగ్గడానికి వీల్లేదని నన్ను వాకిట్లోకి తోలేశాడు కూడా. ఆ క్యాసెట్ ఉందా అంటే ఉంది, కానీ దాని మీద బావగారు 1987 ప్రపంచ కప్ కామెంటరీ రికార్డు చేశారట. నాకు నోట మాట రాలేదు. తర్వాత అది తాపీగా "మొదటి వైపే లేరా, రెండో వైపు నానాటి బతుకు అలాగే ఉంది, వెనక ఫ్యాను హోరు కూడా ఉంది" అంది. కొరియర్‌లో పంపిస్తానంది.

టేప్‌రికార్డర్ స్పీడు సరిగ్గా ఉందో లేదో అన్న గొడవ మళ్ళీ ఉంటుందని తెలుసు. ఫ్యూజు సార్, వెనక కరెంటు హమ్ము వినపడితే దాన్ని బట్టి ఏమైనా పట్టుకోవచ్చా? తర్వాత, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఎవరి దగ్గరైనా పనిచేసే క్యాసెట్ ప్లేయర్ ఉందా, ఒక్క సాయంత్రానికి? నేనే వచ్చి వింటాను, తీసుకెళ్ళను.